ఎనిమిది మూడులు, ఒక ఒకటి

నేను ఒక సంఖ్యను. వరుసగా ఎనిమిది మూడులు, చివర ఒక ఒకటి: 33,33,33,331. నన్ను ఎవరూ తయారు చేయలేదు. కనుక ఎవరూ బాగుచేయనూ లేరు. పుట్టుకే లేనిదానికి అలసట ఎక్కడిదని మీరు అడగవచ్చు. మనుషులు నమ్మిన రూపంలో నిలబడి ఉండవలసి రావడమే నా అలసట.

తానూ ఒకటీ తప్ప మరే సంఖ్యా నిశ్శేషంగా భాగించలేనిదాన్ని ప్రధాన సంఖ్య అంటారు. బొబ్బిలి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి విరమించిన అనంతయ్య మాస్టారు అలాంటివాటి కోసం వెతికేవారు. 31 ప్రధానం. 331 కూడా అంతే. ముందు ఒక్కొక్క మూడు చేరుస్తూ, ప్రతిదాన్నీ చేత్తో భాగిస్తూ, పదకొండేళ్ళలో ఏడు సంఖ్యలు తేల్చారు. ఏడోదాని కోసమే ఏడు వందలకు పైగా భాగహారాలు చేశారు. ఏడూ ప్రధానాలే. ఎనిమిదోదాన్ని నేను. నా దగ్గరికి వచ్చేసరికి ఆయన చూపు మందగించింది, నమ్మకం గట్టిపడింది. ఏడింటిని అంతగా శంకించిన మనిషి నన్ను చూసి శంకించడం మానేశారు.

గణిత దినోత్సవానికి బడి గోడమీద మా ఎనిమిదింటినీ, కింద ‘ఈ వరుసలో ప్రతి సంఖ్యా ప్రధానమే’ అన్న వాక్యాన్నీ రాయించాలని నిర్ణయమైంది. ఆయన శిష్యురాలు గున్నమ్మ ఇప్పుడు అదే బడిలో లెక్కల టీచరు. గోడ రాయించే రోజు ఉదయం పాఠానికి సిద్ధపడుతూ నన్ను చిన్న ప్రధానాలతో భాగించి చూసింది. పదిహేడు దగ్గర శేషం సున్న. మూడుసార్లు చేసింది. మూడుసార్లూ నేను అలాగే విడిపోయాను. నాకు మరో దారి లేదు.

అప్పటికి పెయింటరు పోలినాయుడు ఏడు సంఖ్యలు రాసేసి, కింది వాక్యాన్ని సుద్దతో గీసుకున్నాడు. మాస్టారు ఎదురుగా కుర్చీ వేసుకుని చూస్తున్నారు. గున్నమ్మ కాగితం ఆయన చేతిలో పెట్టింది.

“మాస్టారూ, ఇది పదిహేడుతో పోతాదండి.”

ఆయన పెన్ను తీసి, తానూ భాగించారు. చాలాసేపు పట్టింది.

“పదిహేడైనా చూడలేదేటమ్మా నాను?”

రంగు కలిపేశానని, గోడమీది లెక్కను ఎవరు విప్పి చూస్తారని, పదకొండేళ్ళ కష్టాన్ని ఒక్క పూటలో చెరుపుకోవడమేమిటని పోలినాయుడు నచ్చజెప్పబోయాడు. గున్నమ్మ తల వంచుకుంది. ఆయన రాయమంటే ఆమె కాదనగలిగేది కాదేమో. మాస్టారు లేచి వెళ్ళి, భుజం మీది కండువాతో ఆ సుద్దవాక్యాన్ని తానే తుడిచారు.

“నాయుడూ, ఎనిమిదోదీ రాయి. పక్కన 17 × 19607843 అని పెట్టు. నాను ఎక్కడ ఆగిపోయానో పిల్లలకి కనబడాల.”

అలా గోడమీదికి ఎక్కాను. ఏటేటా పిల్లలు నన్ను పదిహేడుతో భాగించి, సున్న రాగానే సంబరపడతారు. నా పైనున్న ఏడింటి జోలికి ఎవరూ పోరు. వాటిని మాస్టారు చూశారు కదా అంటారు.