గడ్డమంచు మీద బురద టైర్లు

కోడలు యాంగ్‌డోల్‌కు బిడ్డ అడ్డం తిరిగింది. ఆసుపత్రికి తీసుకెళ్లడానికి నా తమ్ముడి కొడుకు స్కర్మా జీపు తెచ్చాడు.

"బురద టైర్లత్తా! ఎంత మంచునైనా దున్నేస్తాయి."

మెత్తటి మంచును నిజంగానే దున్నేశాయి. కానీ ఊరి చివర ఎత్తు మీద ఊటనీళ్లు గడ్డకట్టి అద్దంలా ఉన్నాయి. చలికి గట్టిపడిన ఆ పెద్ద రబ్బరు పళ్లకు అక్కడ పట్టు దొరకలేదు. జీపు లోయవైపు జారి ఆగింది.

"టైర్లకు చుట్టే గొలుసులు తేలేదత్తా," అన్నాడు ఏడుపు గొంతుతో.

"దున్నుతానన్నావుగా, దున్ను!" అని అరిచాను. వెనక కోడలి మూలుగు సన్నబడుతోంది.

వసంతంలో పొలం మీద చల్లితే మంచు త్వరగా కరుగుతుందని, చలికాలం రాకముందే మేం ఇళ్లలో మట్టి దాచుకుంటాం. పక్కనే ఉన్న డిస్కిత్ ఇంటి తలుపు బాదాను.

"అక్కా, నీ మట్టి కావాలి."

"నా పంటనే అడుగుతున్నావే," అంటూనే ఆమె గంప ఎత్తింది.

ముగ్గురం చల్లాం. టైర్లు మట్టిని పట్టుకుని మలుపు దాకా ఎక్కాయి. అవతల మళ్లీ గడ్డమంచే. డిస్కిత్ మట్టి అయిపోయింది. నా మట్టి కోసం ఇంటికి పరుగెత్తాను. అదీ చల్లాకే జీపు ఎత్తు దాటింది.

ఆసుపత్రిలో యాంగ్‌డోల్ దక్కింది, బిడ్డ దక్కలేదు. ఆ ఏడు డిస్కిత్ పొలంలోనూ నా పొలంలోనూ మంచు ఆలస్యంగా కరిగింది. గింజ పండకముందే మళ్లీ చలి వచ్చేసింది, బార్లీని పచ్చిగానే కోశాం.