నిజాంపట్నంలో చెత్త దొరకలేదు

శేషగిరిరావు మాస్టారికి నిజాంపట్నం బడిలో నాలుగేళ్లు నిండాయి. ఏడాదికొకటి చొప్పున పైకి పంపిన బదిలీ అర్జీలూ నాలుగయ్యాయి. పెళ్లాంబిడ్డలు తెనాలిలో. పదిహేను రోజులకోసారి వెళ్తే మూడేళ్ల కూతురు తలుపు తీసి, "అమ్మా, ఎవరో చుట్టాలొచ్చారు" అని లోపలికి పరిగెత్తేది. ఈసారీ బదిలీ రాకపోతే ఆ పాటి చుట్టరికం కూడా మిగలదని ఆయన బెంగ.

1969లో ఇన్‌స్పెక్టరు నరసింహారావుగారు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. ఆయన ఎదుట మాదిరి పాఠం చెప్పాలి. విషయం: ఇంటి చెత్త ఏమవుతుంది? ఆయన మెచ్చితే అర్జీ కదులుతుంది. బాపట్ల ట్రెయినింగులో నేర్పినట్టే మాస్టారు అట్టమీద చెత్తకుండీ, మునిసిపాలిటీ బండి, ఊరవతల గుంట రంగుల్లో గీశాడు. ఈ ఊళ్లో ఆ మూడూ లేవన్న చిన్న లోపం తప్పిస్తే బొమ్మ అమోఘం. "రేపు ఒక్కొక్కరూ ఇంటినుంచి కాస్త చెత్త పట్టుకురండర్రా" అని పిల్లలకు పురమాయించాడు.

మర్నాడు ఇన్‌స్పెక్టరుగారు, రేపల్లెలో బస్సు మారుతూ దుర్గాంబ కొట్లో కొన్న బజ్జీల పొట్లంతో సహా విచ్చేశారు. పిల్లలకు పాఠం, ఆయనకు ఫలహారం ఒకేసారి మొదలయ్యాయి.

"ఏర్రా, చెత్త తెచ్చారా?"

ముప్పై మందిలో రెండే చేతులు లేచాయి.

"మిగతావాళ్లకేం రోగం?"

"మా ఇంట్లో లేదు సార్."

"మా వీధిలోనే లేదండి!"

సింగరయ్య చిరిగిన వలముక్క పైకెత్తాడు. "ఇది చెత్త కాదంట సార్. సొరపాదు పాకించాలంట. సాయంత్రం తెచ్చెయ్యమంది మా అమ్మ."

దానమ్మ అరిటాకు విప్పింది. చేపల తలకాయలూ పొలుసూ గుప్పుమన్నాయి. "ఇయ్యి కొబ్బరిచెట్టు మొదట్లోకండి. కావాలంటే వాసన ఉంచుకోండి సార్."

మాస్టారు పట్టు విడవలేదు. "పొయ్యిలో బూడిద చెత్త కాదంటే?"

"అంట్లు దేంతో తోముతారండి?"

"చినిగిన చీర?"

"బొంత కుడతారు."

"బొంత కూడా చినిగితే?"

"పడవ బీటల్లో కుక్కుతారు."

"పడవే పాడైతే?"

"చెక్కలు ఊడదీసి తలుపు చేస్తారండి."

"తలుపు విరిగితే?"

"పొయ్యిలోకి!"

"మళ్లీ బూడిదే!" అని క్లాసంతా ఒక్క గొంతుతో అరిచింది.

మాస్టారు అట్టకేసి చూశాడు. చెత్త లేక పాఠం చిత్తయింది. తను గీసిన కుండీ తననే వెక్కిరిస్తోంది. బదిలీ బండి ఊరవతల గుంటలో దిగబడిపోయిందనుకున్నాడు.

ఇన్‌స్పెక్టరుగారు మాత్రం పొట్లం మీద ఒంగి, అడుగున పొడి సైతం ఏరుకు తిని, వేళ్లు దానికే తుడుచుకుని, ఉండచేసి నేలమీద పారేశారు. "ఇదిగోనయ్యా చెత్త! ఇదెక్కణ్నించి వచ్చిందో ఎవరైనా చెప్పండి."

దానమ్మ చటుక్కున తీసి, ఒళ్లో పెట్టి సాపుచేసి, కూడబలుక్కుని చదివింది. "మహారాజశ్రీ ఇన్‌స్పెక్టరువారి సముఖమునకు... నిజాంపట్నం ఉపాధ్యాయుడు శేషగిరిరావు... తెనాలికి బదిలీ... సార్, మీ పేరే!"

మాస్టారు నూనె మరకల మధ్య తన దస్తూరీ గుర్తుపట్టాడు. చిత్తం చిత్తమంటూ రాసినది చిత్తుకాగితమైంది.

ఇన్‌స్పెక్టరుగారు తొణకలేదు. "పాత కాగితాలు ఏటా రేపల్లె దుర్గాంబలాంటి కొట్లవాళ్లకి తూకానికి వేసేస్తామండి. చూశారా, ఏదీ వృథా పోదు! పాఠం పిల్లలకి ఎంత బాగా ఎక్కిందండీ!" తనిఖీ పుస్తకంలో నిండు మనసుతో రాశారు: "బోధనలో దిట్ట. ఈయన ఊరు వదిలితే విద్యార్థులకు తీరని నష్టం."

మెప్పు వచ్చింది. అదే ముప్పయింది.

ఆయన బస్సెక్కి వెళ్లాక దానమ్మ జాలిపడింది. "ఈసారి అర్జీ దుర్గాంబత్త కొట్లోనే ఇవ్వండి సార్. ఆఫీసులో కాగితం చూస్తారో లేదో గానీ, పొట్లమైతే అడుగుదాకా చూస్తారు."

మాస్టారు పిల్లను కసిరాడు. కసిరి, అయిదో అర్జీ రాశాడు. ఆదివారం తెనాలి బస్సు కోసం రేపల్లెలో దిగి, నేరుగా కొట్టుకెళ్లాడు.

"అక్కయ్యా, ఇన్‌స్పెక్టరుగారొస్తే ఇందులోనే కట్టు. రాత లోపలివైపుకి రావాలి."

దుర్గాంబ మూకుడు మీంచి తలెత్తింది. "అట్టాగేలే తమ్ముడూ. అరటికాయవా, మిరపకాయవా?"

"మిరపకాయవే" అన్నాడు మాస్టారు. "ఆయనక్కూడా కాస్త మంట తెలియాలి."