టెస్టు డిస్కుకి బొట్టు

నేను ఒక డీవీడీ డ్రైవును. ఈ రోజుల్లో ఆ మాట చెప్పుకోవడానికి కూడా మొహమాటంగానే ఉంటుంది. నా పని చెప్పడానికి తేలికే. డిస్కును తిప్పాలి, దాని మెరిసే వైపు చిన్న ఎర్రటి వెలుగు వేయాలి, కనిపించింది పైకి అందించాలి. అందించిందేమిటో నాకెవరూ చెప్పలేదు. పుట్టింది ఎక్కడో సముద్రం అవతలి ఫ్యాక్టరీలో. అక్కడే పరీక్ష పెట్టి, బాగుందని చీటీ అంటించి పంపారు. ఇక పరీక్షలు అయిపోయాయనుకున్నాను, పిచ్చిదాన్ని!

తెనాలిలో ఒక ఇంటర్నెట్ సెంటర్లో కొన్నేళ్లు చాకిరీ చేశాను. జనం డిస్కును నోటితో ఊది, చొక్కా అంచుతో తుడిచి నా పళ్లెంలో పెట్టేవారు. గీతలు పెట్టేది వాళ్లు, ఆగిపోతే చరిచేది నన్ను. ఈ న్యాయమేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. సెంటర్ మూతపడ్డాక, కంప్యూటర్లు రిపేరు చేసే నూతక్కి శేషగిరి నన్ను తెచ్చి, నాలాంటి మరో రెండింటితో కలిపి అటక మీద పడేశాడు.

మొన్న దసరా వెళ్లాక ఆ షాపుకి తిలోత్తమ గారు వచ్చారు. ఒకప్పుడు పద్యనాటకాల్లో రాణి వేషమంటే ఆవిడేనట. గొంతుకి ఆపరేషన్ అయ్యాక మాట గుసగుసగా తప్ప రావడం లేదు.

"శేషగిరీ, నా గొంతు ఇంకెక్కడా లేదయ్యా, ఈ బిళ్లలోనే ఉంది. పూత లేస్తోంది చూడు. పూర్తిగా పోయేలోగా తీసి పెట్టు నాయనా," అంటూ సంచిలోంచి ఒక పాత డిస్కు తీసి చూపించారు.

గొంతు బిళ్లలో ఉండటమేమిటో నాకు అంతుపట్టలేదు.

శేషగిరి మమ్మల్ని అటక మీంచి దించాడు. "పాడైన డ్రైవులో పెడితే ఉన్నది కూడా పోద్దండి. ముందు టెస్టు డిస్కు పాసవ్వాలి," అన్నాడు. ఆ టెస్టు డిస్కును ఆయన విడిగా ఒక పెట్టెలో, మెత్తటి గుడ్డలో దాచుకుంటాడు. డ్రైవు దాన్ని ఎంత వేగంగా చదువుతోందో కంప్యూటర్ తెర మీద ఒక గీత చూపిస్తుంది. గీత తిన్నగా పైకి పోతే డ్రైవు బాగున్నట్టు.

నేను ఉత్సాహంగా పరుగందుకున్నాను. సగం దారిలో అంతా చీకటి! వేగం తగ్గించి చూశాను, వెనక్కి వచ్చి చూశాను. ఏమీ లేదు. "పోయింది," అన్నాడు శేషగిరి. రెండోది పెట్టాడు. అక్కడే ఆగింది. మూడోదీ అక్కడే. నేనంటే ముసలిదాన్ని, మూడింటికీ ఒకే చోట కళ్లు పోతాయా? శేషగిరి కేబులును అనుమానించాడు, కరెంటును తిట్టాడు, డిస్కు జోలికి మాత్రం పోలేదు. దాని మీద ఆయనకంత గురి.

"మూడూ పోయినయ్యండి. విజయవాడలో ఎవరి దగ్గరన్నా దొరుకుద్దేమో కనుక్కుంటా. వారం ఆగండి."

"వారమా! అప్పటిదాకా ఈ పూత ఉంటదా?" ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏం చేయాలో తోచక బల్ల మీది టెస్టు డిస్కును చేతిలోకి తీసుకుని, మేకప్ అద్దంలా వెలుగుకి వంచి చూశారు. "దీనికి ఈ ఎర్ర మరక ఏందయ్యా?"

వెనక గదిలోంచి శేషగిరి భార్య సామ్రాజ్యం వచ్చింది. "అది నేను పెట్టిన బొట్టండి. మనకి అన్నం పెట్టే డిస్కని ఈయనే అంటాడుగా. అందుకే పండక్కి గంధం రాసి కుంకుమ పెట్టా. మర్నాడు నేనే తుడిచి పెట్టెలో పెట్టా."

"మెరిసే వైపు పెట్టావా?" అన్నాడు శేషగిరి నీరసంగా.

"మరి? బొట్టు మొహానికి పెట్టక వీపుకి పెడతారా?"

శేషగిరి తల పట్టుకున్నాడు. తిలోత్తమ గారు చప్పుడు లేకుండా పడీపడీ నవ్వారు. కోప్పడాలో దండం పెట్టాలో నాకైతే తెలియలేదు. ఇంకో డిస్కు వెతికి మళ్లీ నాలో పెడితే గీత తిన్నగా పైకి పోయింది. "బ్రహ్మాండంగా ఉంది!" అన్నాడు. ఇందాక పోయిన దాన్నీ నేనే, ఇప్పుడు బ్రహ్మాండమూ నేనే. మధ్యలో నేనేం మారానో ఆయనే చెప్పాలి.

అప్పుడు ఆవిడ డిస్కు పెట్టాడు. నేను చదివింది చదివినట్టు కంప్యూటర్లో దాచుకునేలా చేశాడు. హార్మోనియం మోగింది. వెనకే ఒక గొంతు లేచింది. షాపు ముందు బండి ఆపిన మనిషి బండి దిగడం మరిచిపోయాడు. ఓహో, బిళ్లలో గొంతంటే ఇదా!

సరిగ్గా పెద్ద పద్యం ఎత్తుకోగానే పూత లేచిన చోటు వచ్చింది. నేను ఆగిపోయాను. ఎంత తంటాలు పడ్డా ఒక్క ముక్క దొరకలేదు.

"అయ్యో, అసలు పద్యమే పోయిందండి!" అన్నాడు శేషగిరి.

"ముందుకి పోనీ నాయనా," అన్నారు తిలోత్తమ గారు. "ఆ రోజు జనం ఊరుకోలా."

నాకు అర్థం కాలేదు. శేషగిరికీ అర్థమైనట్టు లేదు. అయినా ముందుకి జరిపాడు. చప్పట్లు, ఈలలు, ఆ వెంటనే వందల గొంతులు: "వన్స్ మోర్! వన్స్ మోర్!" పద్యనాటకంలో అది మామూలేనట. జనం అడిగితే, చచ్చిపడిన వేషమైనా లేచి ఆ పద్యం మళ్లీ పాడాల్సిందేనట. రాణి మళ్లీ ఎత్తుకుంది. అదే పద్యం, మొదటి నుంచి చివరి రాగం దాకా. అక్కడ పూత చెక్కుచెదరలేదు. నేను ఒక్క అక్షరం కూడా వదల్లేదు.

రాగం ఆగింది. సామ్రాజ్యం కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, ఒళ్లు మరిచి, "వన్స్ మోర్!" అని అరిచింది.

తిలోత్తమ గారు చటుక్కున లేచి నిలబడ్డారు. చెయ్యి చాచి, నోరు తెరిచారు. గాలి తప్ప ఏమీ రాలేదు. ఆవిడ అలాగే నిలబడి మా వైపు చూశారు.

శేషగిరి మీట నొక్కాడు. నేను వెనక్కి వెళ్లి ఆ పద్యం మళ్లీ చదివాను.