నా పేరున ఉన్న బండి

మోటారు సైకిలు తుడవడానికి కూడా ఒక వరస ఉంది. ముందు ట్యాంకు, తర్వాత లైటు, ఆ తర్వాత చక్రాల కమ్ములు, చివరికి ఇంజను. ఇంజనుతో మొదలుపెడితే ఆ నూనె గుడ్డతోనే ట్యాంకు తుడవాల్సి వస్తుంది. అప్పుడు మా ఆయన కేశవమూర్తి ట్యాంకు మీద వేలితో ఒక గీత గీసి, ఆ వేలు తెచ్చి నా మొహం ముందు పెడతాడు. ఒక్క మాట అనడు. తిడితే నయమనిపిస్తుంది. ఆరేళ్ళుగా పొద్దున్నే వాకిట్లో నీళ్ళు చల్లి, ముగ్గేసి, పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేలోపు ఈ పని ముగించి లోపలికి పరిగెత్తడం నా వంతు.

హోసూరులో రాజ్‌దూత్‌లున్నాయి, జావాలున్నాయి, బుల్లెట్లున్నాయి. గుజ్జి మాత్రం మాదొక్కటే. మోటో గుజ్జి ఫాల్కోనె అని కాగితాల్లో ఉంటుంది. ఊరి బయట సిప్‌కాట్ పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీకి మిషన్లు బిగించడానికి ఇటలీ నుంచి వచ్చిన ఫిట్టరు దీన్ని ఓడలో తెప్పించుకున్నాడట. డెబ్బై ఐదులో తిరిగి వెళ్ళిపోతూ అమ్మకానికి పెడితే, బజారు వీధిలో ఎవరికీ లేనిది తనకుండాలని మా ఆయన కొన్నాడు. ఎర్రటి బండి. దాని ఇంజను అన్నిటిలాగా నిలబడి ఉండదు, ముందుకు పడుకుని ఉంటుంది. ఎడమ పక్కన దోసె పెనమంత ఇనుప చక్రం బయటికే కనిపిస్తూ గిర్రున తిరుగుతుంది. మిగతా బండ్లు దాన్ని లోపల దాచుకుంటాయట. దీనికెందుకు బయట పెట్టారు? అడిగితే మా ఆయన "నీకెందుకే అయన్నీ, తుడువు" అన్నాడు. ఆయనకూ తెలియదని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

కొనేటప్పుడు ఒక చిక్కు వచ్చిపడింది. మా ఆయనకు ఏలినాటి శని నడుస్తోంది, ఇంకా ఆరేళ్ళుంది. అందాకా ఇనుప వస్తువు పెద్దదేదీ ఆయన పేరున కొనకూడదన్నాడు జోస్యుడు. "నీ పెండ్లాం పేరున రాపిచ్చప్పా. పీడ నీ దాకా రాదు" అని ఉపాయం కూడా ఆయనే చెప్పాడు. మా వాళ్ళలో ఇది మామూలే. లారీ ఉన్నవాళ్ళు సైతం ఇట్లాగే చేస్తారు.

"మరి ఆ పీడ నాకు తగిలితే?" అని వంటింట్లో మా అత్త మునిలక్ష్మమ్మని అడిగాను.

"ఆడదానికి వేరే జాతకమేందమ్మీ? మొగునిదే దానిది" అంది ఆమె చింతపండు పిసుకుతూ.

మొగుడి జాతకమే నాదైతే మొగుడి శని కూడా నాదే కదా? ఇక పేరు మార్చి ఎవర్ని మోసం చేస్తున్నట్టు? ఎంత ఆలోచించినా నాకిది తెగలేదు. అడగడానికి మనిషి దొరకలేదు. ఆర్.సి. బుక్కు వచ్చిన రోజు ఓనరు అన్నచోట టైపు కొట్టిన అక్షరాల్లో 'కె. మనోరమ' అని చూసుకున్నాను. నా పేరు అంతకుముందు అచ్చులో పెళ్ళిపత్రిక మీద చూసిందే. మళ్ళీ చూద్దామనుకునేలోపు ఆయన దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు.

నెలకోసారి కృష్ణగిరిలో మా ఆడబిడ్డ ఇంటికి ఆ బండి మీదే పోయేవాళ్ళం. మా పాప తార ముందర ట్యాంకు మీద, మధ్యలో ఆయన, వెనక నేను రెండు కాళ్ళూ ఒకే పక్కకు వేసుకుని. అట్లా కూర్చున్న మనిషికి దారిలో సగమే కనిపిస్తుందని మీరెప్పుడైనా గమనించారా? పోయేటప్పుడు ఒక పక్క చింతచెట్లు, వచ్చేటప్పుడు రెండో పక్క చింతచెట్లు. ఎదురుగా ఏమొస్తోందో ఎన్నడూ తెలియదు, మెడ తిప్పితే ఆయన చొక్కా. తార మాత్రం "అమ్మా లారీ! అమ్మా గొర్రెల మంద!" అని కేకలు పెట్టేది. అది చెప్పిన ఎంతోసేపటికి ఆ గొర్రెలు నా పక్కకు వచ్చేవి, అప్పటికే వెనక్కి పోతూ. ఐదేళ్ళ పిల్ల చూసే దారి నేను చూడలేదే అని నాకు ఉక్రోషంగా ఉండేది. ఇంకో ఆలోచన కూడా వచ్చేది. ఇది పెద్దదైతే ట్యాంకు మీద చాలదు. దీన్ని కూడా తీసుకొచ్చి వెనక కూర్చోబెడతారు. ఆ ఆలోచన వచ్చిన రోజు ఆడబిడ్డ ఇంట్లో నాకు అన్నం సయించలేదు.

బండి స్టార్టు చేయడం ఒక తమాషా. మా ఆయన ముప్పై తన్నులు తన్నేవాడు. అది ఒక్కోసారి తిరిగి తన్నేది, మోకాలు పట్టుకుని గెంతేవాడు. చివరికి వీధి చివర దిగుడులో తోసి ఎక్కేవాడు. అంతా చూసి "నువ్వు ఎదురొచ్చినావు, అందుకే" అని నా మీద పెట్టేవాడు. కిటుకేమిటో నాకు తెలుసు. అమ్మినరోజు ఆ ఇటలీ ఆయన మా వాకిట్లో చేతులతో చేసి చూపించాడు. ఆ సమయంలో మా ఆయన గుమిగూడిన జనం వైపు చూస్తున్నాడు. కాఫీ లోటాలు పట్టుకుని నిలబడి ఆ మనిషి చేతుల్ని చూసింది నేనొక్కదాన్నే. కిక్కరు మెల్లగా అదిమితే ఒకచోట గట్టిగా అడ్డుపడుతుంది. అక్కడ హ్యాండిలు దగ్గరున్న చిన్న మీట నొక్కాలి. ఇంజను ఉస్సని ఊపిరి వదులుతుంది. ఇంకొంచెం దించి, మీట వదిలి, కిక్కరు పైకి రానిచ్చి, అప్పుడు ఒక్క తన్ను. ఒకసారి ఆయనకు చెప్పబోయాను. "నాకు నేర్పిస్తావా?" అన్నాడు. సరే, తన్నుకోమని ఊరుకున్నాను.

ఆయన బజారులో మా పెయింటు కొట్టుకు సరుకు కోసం సేలం పోయిన ఒక ఆదివారం, బండి తుడుస్తున్నదాన్ని ఉన్నట్టుండి చెయ్యి ఆపాను. ఆ కిటుకు నిజంగా అంతేనా? ఒక్కసారి చూస్తే ఏం? తాళం గూట్లోనే ఉంది. మీట నొక్కాను. ఉస్స్. ఒక్క తన్ను. బండి దబ్ దబ్ మని మొదలైంది, అంత నిదానంగా, అంత బలంగా. నా అరికాళ్ళ నుంచి గుండె దాకా సంతోషం పాకింది. తలెత్తితే గడపలో మా అత్త. అయిపోయింది నా పని అనుకున్నాను.

"ఎట్ల చేసినావమ్మీ?" అంది ఆమె. "మావాడు ఊరంతా లేచేటట్ల తంతాడు. నువ్వు ఒక్కటే తన్నినావు!"

మీట చూపించాను. ఆమె వంగి చూసి, తానే నొక్కి చూసింది. ఉస్స్ మన్నదానికి చిన్నపిల్లలా నవ్వింది.

"తోలేదానికి వస్తాదా నీకు?"

"చిన్నప్పుడు వేప్పనపల్లిలో మామిడితోపులో సైకిలు తొక్కినా అత్తా. పెద్దమనిషైనంక ఆపేసినారు."

ఆమె కాసేపు ఆ తిరిగే చక్రాన్నే చూసింది. "నేను పుట్టి అరవై ఏండ్లు. ఎద్దులబండిలో గూడా ఆడోళ్ళం ఎనక్కు తిరిగి కూర్చునేది. పోయే ఊరు కాదమ్మీ, ఇడిసిన ఊరే కనపడేది మాకు" అంది. తర్వాత లోపలికి పోయి తన తొమ్మిది గజాల చీర తెచ్చింది. "ఇది కట్టుకో. గోచి పోసుకుంటే చక్రంలో పడదు. సిప్‌కాట్‌లో ఈ పొద్దు ఫ్యాక్టరీలన్నీ మూసుంటాయి. పోయిరా. ముందర కూర్చుంటే ఏం కనపడతాదో వచ్చి నాకు చెప్పు."

ఎవరి కంటా పడకుండా వెనక సందుల్లో సిప్‌కాట్ దాకా బండి తోసుకునే పోయాను. అక్కడ అప్పటికి రోడ్లు వేశారు గానీ సగం ప్లాట్లు ఖాళీ. అంత వెడల్పు రోడ్ల మీద మనిషి పురుగు లేదు. మొదటి గేరులో రెండుసార్లు ఆగిపోయింది. మూడోసారి కదిలింది. అప్పుడు చూశాను. రెండు పక్కలూ ఒక్కసారే కనిపించాయి! దారి నా వైపే వస్తోంది. నేను తిప్పినవైపు తిరుగుతోంది. దూరంగా ఒక మేక రోడ్డు దాటుతుంటే, అది నా దగ్గరికి వచ్చేలోపు దాన్ని చూసి, ఆలోచించి, బ్రేకు వేయడానికి నాకు బోలెడంత టైముంది. మొగవాళ్ళందరికీ ఇంత టైము ఉంటుందా! నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. ఆ మేక నన్ను చూసి బెదిరిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు మలుపులో పడి, పొగగొట్టం తగిలి పిక్క కాలింది. ఇంటికొచ్చి అత్తకు అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను. ఆమె కాలిన చోట వెన్న రాస్తూ, మేక గురించి రెండుసార్లు చెప్పించుకుంది.

ఆ తర్వాత ఆయన సరుకు కోసం సేలం పోయిన ప్రతిసారీ మాకు పండుగే. నాలుగోసారి అత్త కూడా నా వెనక ఎక్కింది. మా ఆయన నా కాలి మచ్చ చూడలేదు గానీ, పెట్రోలు తగ్గడం చూశాడు. "ఈ వీధిలో దొంగలెక్కువైనారు" అని ట్యాంకు మూతకు తాళం పెట్టించాడు. తాళంచెవి అత్తకిచ్చి భద్రంగా పెట్టమన్నాడు.

ఎనభై ఒకటిలో ఒకరోజు భోజనం చేస్తూ చెప్పాడు. "శని వదిలింది. ఇంక నా పేరుమీదే కొత్త స్కూటరు తీసుకుంటా. దీన్ని ఊత్తంగరై శ్రీరామప్పకు అమ్మేస్తాండా. వచ్చే బుధవారం కృష్ణగిరిలో బ్రేకు ఇన్‌స్పెక్టరు క్యాంపు ఉంది. నువ్వొచ్చి ఓనరని ఒక సంతకం చేస్తే చాలు."

నేను సాంబారు గిన్నె పట్టుకుని నిలబడ్డాను. నువ్వొచ్చి ఓనరని! ఆరేళ్ళు ఆయన కష్టకాలాన్ని నా పేరు కింద దాచుకున్నాడు. అది గడిచిపోయింది కాబట్టి ఇప్పుడు నా పేరుతో పని తీరిపోయింది. నాకేమన్నా అయిందా అని ఒక్కరోజు అడిగాడా? ఇప్పటికీ తలుచుకుంటే ఒంటికి కారం రాసినట్టుంటుంది. ఆ బండి పోతే నేను మళ్ళీ పక్కకు తిరిగి కూర్చోవాలి, కొత్త స్కూటరు మీద, జీవితాంతం. అది నావల్ల కాదు. "ఇంకొంచెం సాంబారు" అన్నాడాయన. పోశాను.

బుధవారం నేను అత్త చీర గోచి పోసి కట్టుకుని వస్తే "ముసిలోళ్ళ మాదిరి ఏం కట్టే అది?" అన్నాడు. "దూరం పోవాల కదండీ" అన్నాను. అత్త గడపలో నిలబడి ఏమీ తెలియనట్టు తారకు జడ వేస్తోంది.

కృష్ణగిరిలో క్యాంపు ఒక చదునైన మైదానంలో. శ్రీరామప్ప ముందే బస్సులో వచ్చి కాచుకుని ఉన్నాడు, పెద్ద మీసాల రైతు. బ్రేకు ఇన్‌స్పెక్టరు బండి చుట్టూ తిరిగి ఇంజను నంబరు ఎక్కడుందన్నాడు. మా ఆయనా శ్రీరామప్పా కూర్చుని, వంగి, దాదాపు పడుకుని వెతికారు. నేను నంబరున్న చోట వేలు పెట్టి చూపించాను. రోజూ తుడిచే చోటే కదా. "సరే, స్టార్టు చేయండి" అన్నాడు ఇన్‌స్పెక్టరు. మా ఆయన తన్నడం మొదలుపెట్టాడు. ఇరవై దాటాయి. చొక్కా తడిసిపోయింది. జనం మూగారు. ఆయన మీద నాకు జాలి వేసింది, నిజంగానే. "జరగండి" అన్నాను. మీట, ఉస్స్, ఒక్క తన్ను. దబ్ దబ్ దబ్.

నేను ఎక్కి కూర్చుని, రవికెలోంచి మడిచిన కాగితం తీసి ఇన్‌స్పెక్టరుకు ఇచ్చాను.

ఆయన చదివి అద్దాలు సర్దుకున్నాడు. "ఇది బండి అమ్మే ఫారం కాదమ్మా. ఎల్.ఎల్.ఆర్. ఫారం. లైసెన్సు నేర్చుకునేదానికి."

"తెలుసు సార్. ఫోటోలు గూడా పెట్టినాను."

పోయిన వారం అత్తా నేనూ స్టూడియోకి పోయి తీయించుకున్న ఫోటోలు.

"ఏమే ఇది?" మా ఆయన గొంతు తగ్గించాడు. "దిగు. దిగి ఆ అమ్మే ఫారంలో సంతకం పెట్టు."

"నా బండి నేను అమ్మను" అన్నాను. ఇంజను చప్పుడులో వినపడిందో లేదోనని ఇంకోసారి గట్టిగా అన్నాను.

శ్రీరామప్ప మీసం దువ్వుకుంటూ నవ్వాడు. "ఓనరమ్మే వద్దంటే నేనెట్ల కొనేదప్పా?" అని తువ్వాలు భుజాన వేసుకుని బస్టాండు దారి పట్టాడు.

ఇన్‌స్పెక్టరు ట్రాఫిక్కు గుర్తులు ఒక పది అడిగాడు. తొమ్మిది చెప్పాను. ముద్ర కొట్టి, ఎర్ర సిరాతో ఒక కాగితం మీద ఎల్ రాసి ముందర అంటించుకోమన్నాడు. "ఒక రూలుందమ్మా. ఎల్ బోర్డు వాళ్ళు ఒంటిగా పోకూడదు. లైసెన్సు ఉండేవాళ్ళు ఎనక కూర్చోవాల." అందరూ మా ఆయన వైపు చూశారు.

ఆయన రోడ్డు వైపు చూశాడు, జనాన్ని చూశాడు, నన్ను చూశాడు. నేను దిగనని అర్థమైంది. నన్నొక్కదాన్నే హోసూరు దాకా పంపితే బజారులో ఇంకా నవ్వుతారని కూడా అర్థమైనట్టుంది. మెల్లగా వచ్చి ఎక్కాడు. బండి కొంచెం కుంగింది. కాళ్ళు అటూ ఇటూ వెతుక్కున్నాడు. ఆ తర్వాత నా చెవి దగ్గర చిన్న గొంతుతో అడిగాడు.

"చేతులు యాడ పెట్టుకునేది?"

పదేళ్ళ కాపురంలో ఆయన నన్ను చాలా అడిగాడు. కాఫీ ఏది, చొక్కా ఎక్కడ పెట్టినావు, ఎందుకింత ఆలస్యం. ఇది మాత్రం తెలియక అడిగాడు.