దాటేసిన పేజీలు

ఆయా మామ్మగారిని గోడవైపు ఒత్తిగిల్లజేసి, మాసిన దుప్పటిని చుట్టగా చుట్టి నడుము కిందికి తోసింది. వెనకాలే ఉతికిన దుప్పటి పరిచి, వీపుకు పౌడరు రాసి, మళ్ళీ ఇటు తిప్పింది. మంచాన పడ్డవాళ్ళకు చాకిరీ చేయడంలోనే జుట్టు నెరిసింది ఆమెకు. ఎందరికో చివరి స్నానాలు కూడా చేయించింది. అలాంటి మనిషికి కాగితం మీది దయ్యమంటే మాత్రం హడల్.

మామ్మగారికేమో దయ్యాల నవలలంటేనే ప్రాణం. చూపు పోయాక చదివిపెట్టే పని కూడా ఆయా మీదే పడింది. భయం ముంచుకొచ్చినప్పుడల్లా ఆయా నాలుగు కాగితాలు ఒక్కసారే తిప్పేసి, "ఆ తర్వాతేమో" అని అతుకు వేసేది. మామ్మగారికి తెలియదనే ఆమె ధీమా.

"ఎక్కడున్నామే?"

"తలుపు దగ్గరండి," అంటూ ఆయా పుస్తకంలోంచి తన తలపిన్ను తీసింది.

కథలో చచ్చిపోయిన తమ్ముడు రోజూ సందెవేళ వచ్చి అన్న తలుపు తడతాడు. అంటురోగం రోజుల్లో, బతికుండగా, జ్వరంతో తూలుతూ అలాగే వచ్చి తట్టాడు. లోపల పసిపిల్లలున్నారు. అన్న ఆ రోజు తలుపు తీశాడా, లేదా? కొన్నాళ్ళుగా మామ్మగారికి అదే ధ్యాస.

తలుపు దబదబ మోగింది, అనే వాక్యం దగ్గరే ఆయా చదవడం ఆపేసింది. కాగితాలు తిప్పేసింది.

"తీశాడండి. అన్నం పెట్టాడు. అయినా తమ్ముడు దక్కలేదు. ఆ ప్రేమకొద్దీ వస్తున్నాడు."

సంతోషిస్తుందనుకున్న మామ్మగారి మొహం వాడిపోయింది.

"పిల్లలుండి కూడా తీశాడా?"

"ఆఁ."

"మంచివాడే." ఆమె దుప్పటి అంచు నలిపింది. "మా చెల్లెలు అలా వచ్చిననాడు మా అమ్మాయి ఉయ్యాల్లో ఉంది. నేను తీయలేదే. వాడన్నా నాకు తోడుంటాడనుకున్నాను."

ఆయా మంచం పక్కనుంచి లేచింది. పుస్తకం వంటింట్లోకి పట్టుకెళ్ళి, దాటేసిన పేజీలు నిలబడే చదివింది. అన్న తీయలేదు. తలుపుకు వీపు ఆన్చి, చప్పుడు ఆగేదాకా ఏడుస్తూ కూర్చున్నాడు. పిల్లలు బతికారు. తప్పో ఒప్పో పుస్తకం చెప్పలేదు. భయపడాల్సిన ముక్క ఒక్కటీ లేదు.

"నా తెలివి తెల్లారినట్టే ఉంది," అనుకుంది ఆయా.

వెంటనే వెళ్ళి చెప్పాల్సింది. కానీ అబద్ధమాడానని ఒప్పుకోవడానికి నోరు రాలేదు. పొయ్యి మీద జావ సాకుగా దొరికింది. తాగించాక చెబుదాంలే అని, ఉడికిపోయిన జావనే గరిటెతో తిప్పుతూ నిలబడింది.

గిన్నె, పుస్తకం పట్టుకుని వచ్చేసరికి మామ్మగారి తల గోడవైపు వాలి ఉంది. భుజం మీద చెయ్యి వేయగానే ఆయాకు తెలిసిపోయింది. ఆ బరువు ఆమెకు కొత్త కాదు.

"వాడూ తీయలేదండి మామ్మగారూ," అంది, వినే మనిషి లేదని తెలిసీ.

ఆనాడు ఉయ్యాల్లో ఉన్న కూతురు ఆఫీసు నుంచి పరుగున వచ్చింది. తల్లి కాళ్ళు పట్టుకుని ఏడ్చి, కళ్ళు తుడుచుకుని అడిగింది.

"చివర్లో ఏమన్నా అందా ఆయా?"

"ఏం లేదమ్మా. కథ విన్నారు. హాయిగానే విన్నారు."

ఆ రోజుకిది రెండో అబద్ధం. ఆయా ఒళ్ళంతా తుడిచి, ఉతికిన దుప్పటే కప్పి, తన సంచి తీసుకుని వెళ్ళిపోయింది. మంచం పక్కన స్టూలు మీద పుస్తకం ఉంది, తలుపు మోగిన పేజీలో ఆమె తలపిన్నుతో.