ఫోన్ ఎత్తే మనిషి

“ఇది కరాబైతే ఎవలకు ఫోన్ చెయ్యాలె?” అని అడిగాడు సిరిసిల్ల నేత సంఘం అధ్యక్షుడు సురేందర్.

“నాకే సార్,” అంది యాస్మీన్.

“నువ్వు కంపెనీవా బిడ్డా?”

కమిటీ వాళ్ళు నవ్వారు. యాస్మీన్‌కు ఒళ్ళు మండిపోయింది. రెండు నెలలుగా సంఘం నలభై మరమగ్గాల మీద, ఊరి మాటలో సాంచల మీద, చీర అంచులు దిగుతున్నది ఆమె రాసిన ప్రోగ్రాంతోనే. మగ్గం పైన తిరిగే చెక్క పట్టీల రంధ్రాల్లో మేకులు ఎలా బిగిస్తే అంచు మీద పూవు అలా వస్తుంది. ఒక్క మేకు తప్పినా చీర మొత్తం పాడు. బొమ్మ ఇస్తే చాలు, ఏ పట్టీలో ఏ రంధ్రమో ఆ ప్రోగ్రాం కాగితం మీద అచ్చు తీసి ఇస్తుంది. ఆరు కొత్త అంచులు దిగాయి, ఒక్కటీ తప్పు పోలేదు.

అయినా సరే, హైదరాబాద్ నుంచి ఇలాంటి ప్రోగ్రాములే అమ్మే ఒక కంపెనీ ఆయన వచ్చాడు. రంగురంగుల పుస్తకం పంచి, వెనక అట్ట మీద టోల్ ఫ్రీ నంబరు చూపించి వెళ్ళాడు. అంతే, కమిటీ అటు ఒరిగిపోయింది.

“నువ్వు వాడిన భాష, గదేంది, పైథాన్. అది ఎవలది?” అన్నాడు సురేందర్.

“అందరిదీ సార్. ఓపెన్ సోర్స్. లోపల ఏమున్నదో ఎవరైనా విప్పి చూడొచ్చు, బాగు చెయ్యొచ్చు. వేలమంది చేస్తున్నరు.”

“వేలమందిది అంటే ఎవ్వలది కాదన్నట్టే. ఫ్రీగ అచ్చినదానికి జిమ్మేదారి ఎవలు? రేపు నీ పెండ్లయి ఏ రాయికల్‌కో పోతే మా సాంచలు ఏం గావాలె?”

కంపెనీ ఆయన పెళ్ళెప్పుడని మాత్రం ఎవరూ అడగలేదు. వచ్చే సోమవారంలోగా ఏదైనా కంపెనీ లెటర్‌హెడ్ మీద ‘దీనికి మేము బాధ్యులం’ అని రాయించుకు రమ్మన్నారు. తేకపోతే ప్రోగ్రాం తీసేస్తారు. రెండేళ్ళు కూర్చుని రాసింది ఒక్క కాగితం లేక మూలన పడిపోతుందట.

మర్నాడే జగిత్యాల వెళ్ళింది. తనకు కంప్యూటర్ నేర్పిన ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు, “మేం నేర్పుతం గని పూచీ పడం” అని మర్యాదగా సాగనంపారు. బుధవారం కోరుట్లలో అనీస్ దుకాణానికి వెళ్ళింది. కంప్యూటర్లు అమ్మి, రిపేర్లు చేసే మనిషి. ఆయన చాయ్ తెప్పించి, సంగతంతా విని, లెటర్‌హెడ్ కట్ట బయటికి తీశాడు. యాస్మీన్ ప్రాణం లేచి వచ్చింది.

“ఇప్పుడే రాసిస్త. ప్రోగ్రాం మీద మా దుకాణం పేరు పెట్టాలె. నీ పేరు తీసెయ్యి.”

“మరి పాడైతే?”

“నువ్వున్నవ్ గద. నువ్వే చూసుకోవాలె. నాకు గా భాష రాదు.”

యాస్మీన్ చాయ్ ముట్టకుండా లేచి వచ్చేసింది. పేరు ఆయనది, చాకిరీ తనది. భాష రాని మనిషి సంతకానికి ఉన్న విలువ రాసిన మనిషి మాటకు లేదు. బస్సులో సిరిసిల్ల చేరేదాకా పళ్ళు నూరుతూనే ఉంది.

దిగీ దిగగానే సంఘం షెడ్డుకు పోయింది. ఆ నలభై మగ్గాలకూ ఫిట్టర్ ఆమె తండ్రి హబీబుద్దీనే. ఇంట్లో ఉర్దూ అయినా మగ్గాల దగ్గర తండ్రీకూతుళ్ళు తెలుగే మాట్లాడతారు. మగ్గం కింద పడుకుని బోల్టు బిగిస్తున్న తండ్రితో ఆమె తన కడుపుమంటంతా వెళ్ళగక్కింది. ఆయన నింపాదిగా బయటికి వచ్చి, ఇనుప ఫ్రేమ్ మీద పోతపోసిన అక్షరాలు చూపించాడు.

“గిది ఏ కంపెనీదో చదువు.”

“అరిగిపోయినయ్ అబ్బాజాన్.”

“నేను మొదటిసారి దీన్ని విప్పిననాటికే ఆ కంపెనీ మూతపడ్డది.”

“నేనూ గదే అంటున్న. కంపెనీ లేని సాంచల మీద ఇన్నేండ్లు బతికి, నన్ను కంపెనీ లెటర్ అడుగుతున్నరు.”

“అడుగుడు తప్పు గాదు. నాకు జ్వరమొస్తే కిష్టయ్య అస్తడు. కిష్టయ్య లేకుంటే తంగళ్ళపల్లిల ఇంకో నలుగురు ఫిట్టర్లున్నరు. నీదాన్ని నువ్వు గాక ఎవలు విప్పిండ్రు?”

అందరిదీ, ఎవరైనా విప్పొచ్చు అని యాస్మీన్ కమిటీ ముందు ఊదరగొట్టింది. తీరా చూస్తే తన ప్రోగ్రాంను ఒక్కరికీ విప్పి చూపలేదు. చూపించాలన్న ఆలోచనే రాలేదు. తనకొక్కదానికే తెలుసన్నది లోలోపల గొప్పగానే ఉండేది. ఇన్నాళ్ళూ ఇతరుల మీద ఉన్న కోపం గిర్రున తన మీదికి తిరిగింది.

గురువారం నుంచి కృపారాణినీ అంజినీ పక్కన కూర్చోబెట్టుకుంది. పట్టీలకు మేకులు బిగించే పని వాళ్ళిద్దరిదీ. కృపారాణి పదో తరగతితో ఆగిపోయింది గానీ మేకుల లెక్కలో ఆమెను మించినవారు లేరు. ఆదివారం యాస్మీన్ కావాలనే ప్రోగ్రాంలో ఒక వరుస చెడగొట్టింది. కృపారాణి అచ్చు కాగితం చూసి, “పూవు ఎడమదిక్కు గుంజుతున్నది” అని, తెర మీద తడుముకుంటూ తడుముకుంటూ సరిగ్గా ఆ వరుస మీద వేలు పెట్టింది.

సోమవారం యాస్మీన్ కమిటీ ముందు పెట్టిన తెల్లకాగితం మీద మూడు పేర్లు, మూడు ఫోన్ నంబర్లు ఉన్నాయి.

“గిది కంపెనీ లెటర్ కాదు బిడ్డా,” అంటూ సురేందర్ దాన్ని పక్కకు జరిపాడు. “ఆ ముచ్చట ఒడిసింది, ఇగ తీసేసుడే. హబీబ్ భాయ్, తొమ్మిదో సాంచ పొద్దటి సంది ఆగింది, జెర చూడు.”

గోడవారన కూర్చున్న హబీబుద్దీన్ లేవలేదు.

“దాని కంపెనీకి ఫోన్ చెయ్యున్రి సార్.”

“ఏం కంపెనీ భాయ్?”

“గదే అంటున్న. నాకాడ ఏ కంపెనీ లెటర్ లేదు, కిష్టయ్యకాడ లేదు. ఇరువై ఏండ్ల సంది మీరు అడుగలేదు. మా పిల్లను అడిగిండ్రు కాబట్టి, నన్ను సుత అడుగున్రి. తెచ్చినంకనే సాంచ ముట్టుకుంట.”

ఎవరూ నవ్వలేదు. సురేందర్ పక్కకు జరిపిన కాగితాన్ని మళ్ళీ ముందుకు లాక్కున్నాడు. మూడు నంబర్లలో రెండోదాన్ని తన ఫోన్‌లో నొక్కి స్పీకర్ పెట్టాడు. రెండుసార్లు మోగింది.

మగ్గాల మోత మధ్య నుంచి కృపారాణి గొంతు వినిపించింది.

“చెప్పున్రి సార్. ఏ అంచు కరాబైంది?”

సురేందర్ ఏమీ లేదని ఫోన్ పెట్టేసి, ప్రోగ్రాం ఉండనీ అంటూ ఆ కాగితం మీద సంతకానికి పెన్ను కోసం జేబు తడుముకున్నాడు. యాస్మీన్ తన పెన్ను ఇవ్వలేదు, థ్యాంక్స్ కూడా చెప్పలేదు. సంతకం పడ్డాక హబీబుద్దీన్ స్పానర్ తీసుకుని తొమ్మిదో మగ్గం దగ్గరికి పోయాడు.