వెనక చక్రం కింద చెక్క

"చెక్క, బూనే!"

జావాలో లావూ కొండదారిలో కారు ఆగీ ఆగకముందే హర్దొయో వేసే కేక అది. ఆ కేక వినపడగానే రుమిని చెప్పులు చేత పట్టుకుని దూకాలి. కాళ్ళ దగ్గరున్న పనస చెక్కని వెనక చక్రం కిందికి తొయ్యాలి. పెళ్ళికెళ్ళినా, చావుకెళ్ళినా, కట్టింది ఎంత మంచి బాటిక్ బట్టయినా అంతే. పిల్లల తల్లి గనక ఆవిడ బూనే, తండ్రి గనక ఆయన పక్నే. సొంత పేర్లు పెళ్ళిపత్రికలోనే ఉండిపోయాయి.

కారు అరవై నాలుగులో పుట్టింది. దాని హ్యాండ్‌బ్రేకు ఎప్పుడు చచ్చిందో చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడు బతికి లేరు. ఆ పిడికి హర్దొయో తన నల్లటోపీ తగిలించుకునేవాడు. అలాగని కారుకి ఆయన చేయని సేవ లేదు. మూడుసార్లు రంగు వేయించాడు, సీట్లకి తోలు కుట్టించాడు. ఆయన పెట్టించిన హారన్ మోగితే పక్క జిల్లాలో కోళ్ళు ఆ వారమంతా గుడ్లు పెట్టవు. వెనక బ్రేకుల మాటెత్తితే మాత్రం ఒకటే జవాబు.

"దానికేం తొందర? వెనక నువ్వున్నావుగా."

పోయిన పండక్కి అత్తగారింటి ముందు కారు జానెడు వెనక్కి జారి, చక్రానికీ చెక్కకీ మధ్య రుమిని వేలు నలిగింది. గోరు నల్లబడింది. హర్దొయో తల బయటపెట్టి, "బంపర్‌కేం తగల్లేదు కదా?" అన్నాడు. అరుగు మీంచి అత్తగారు, "నేను ఎద్దుబండికే రాళ్ళు పెట్టాను కోడలా, నీకు రబ్బరు చక్రాలు," అంది. రుమిని వేలు నోట్లో పెట్టుకుని ఆలోచించింది. ఈ ఇరవై ఎనిమిదేళ్ళలో తను ఎక్కడికైనా కారులో చేరిందా? అందరూ తలుపు తీసుకుని, బట్టలు సర్దుకుని, నవ్వుతూ దిగుతారు. తను చక్రం పక్కన బురదలో గొంతుక్కూర్చుని చేరుతుంది. ఏ ఇంటివాళ్ళు ఎదురొచ్చినా వాళ్ళకి ముందు కనపడేది తన వీపు. కొందరికైతే తన మొహం కన్నా వీపే బాగా గుర్తుండి ఉంటుంది.

ఇంతలో పాతకార్ల క్లబ్బులో మిగతా ఎనిమిది కార్లకీ వెనక డ్రమ్ము బ్రేకులు పోయి, తళతళలాడే డిస్కు బ్రేకులొచ్చాయి. హర్దొయోకి నిద్ర పట్టలేదు. కారు తీసుకెళ్ళి ముసలి మెకానిక్కు గితో షెడ్డులో పెట్టాడు. ఇద్దరికీ మధ్యాహ్నం అన్నం క్యారేజీ రుమినిదే. మూత తీసి సోయాగింజల టెంపే వేపుడు వడ్డిస్తూ, బల్ల మీదున్న, డిస్కుని పట్టి ఆపే కాలిపర్లని చూసింది.

"తాతా, వీటికి హ్యాండ్‌బ్రేకు తీగ ఎక్కడ తగిలిస్తావు?"

గితో నమలడం ఆపాడు. "ఇవి ముందుచక్రాల సామానమ్మా. వీటికి తీగ ఉండదు. క్లబ్బులో అందరికీ ఇవే వేశాను. ఎవరూ అడగలేదు."

"ఎందుకడుగుతారు? అందరి పక్కనా చెక్క ఉందిగా!" అన్నాడు హర్దొయో. మగవాళ్ళిద్దరూ పొలమారేదాకా నవ్వారు.

రుమిని మంచినీళ్ళందించింది. ఎనిమిది కార్లు బాగుపడ్డాయి, ఒక్క మగాడికీ ఈ సంగతి తట్టలేదు. ఎలా తడుతుంది? బండి జారితే దూకేది వాళ్ళు కాదుగా.

మర్నాడు పొద్దున్నే సోలో ఊరి బస్సెక్కింది. పాతసామాన్ల వీధిలో పదిహేడు కొట్లు తిరిగింది. "మీ ఆయన్ని పంపండమ్మా, ఆయనకైతే తెలుస్తుంది," అన్నాడొక కొట్టతను.

"ఆయన ఇంతవరకూ కారు వెనక్కి వెళ్ళలేదు నాయనా," అంది రుమిని.

చివరి కొట్లో, పక్కన చిన్న మీటా ఆ మీటకి తీగా ఉన్న కాలిపర్ల జత దొరికింది. ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. గితో వాటిని అటూ ఇటూ తిప్పి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"యాభై ఏళ్ళుగా చేస్తున్నాను, నా బుర్రకి తట్టలేదు తల్లీ." తన పానా, కొడుక్కి కూడా ముట్టనివ్వనిది, ఆవిడ చేతిలో పెట్టాడు.

ఇన్నేళ్ళూ మొగుడికి సామానందించిన చెయ్యి అది, ఏ నట్టుకి ఏ పానాయో చీకట్లో అడిగినా చెబుతుంది. రుమిని కారు కిందికి దూరి తీగ లాగి బిగించింది. గితో పైన కూర్చుని ఆవిడ తొక్కమన్నప్పుడు బ్రేకు తొక్కాడు, వదలమన్నప్పుడు వదిలాడు.

"మీ ఆయనకి చెప్పనా?"

"అడిగితే చెప్పు."

హర్దొయో వచ్చాడు, చక్రం సందుల్లోంచి మెరుపు చూశాడు, ఫొటోలు తీసుకున్నాడు, హారన్ కొట్టుకుంటూ వెళ్ళాడు. అడగలేదు.

ఆదివారం క్లబ్బు ఊరేగింపు. ఎత్తు మలుపులో తొమ్మిది కార్లూ ఆగాయి. ఎనిమిది గొంతులు ఒక్కసారే "చెక్క!" అని అరిచాయి. ఎనిమిది తలుపులు తెరుచుకున్నాయి, ఎనిమిది మంది ఆడవాళ్ళు బురదలోకి దూకారు.

"చెక్క, బూనే! జారుతుంది!"

రుమిని పిడి మీది టోపీ తీసి మొగుడి తలకి పెట్టింది. రెండు చేతులా పిడి లాగింది. కర్ర్‌మంది.

"బ్రేకు మీంచి కాలు తియ్యండి."

"మతిపోయిందా?"

"తియ్యండి పక్నే."

కళ్ళు మూసుకుని తీశాడు. కారు కొండలోంచి మొలిచినట్టు నిలబడింది. మోటారు ఆపినా, ఆయన అటూ ఇటూ ఊపి చూసినా కదల్లేదు. వంగి ఆవిడ కాళ్ళ దగ్గర వెతికాడు.

"చెక్కేదీ?"

"పొద్దున మీరు తాగిన కాఫీ దాని మంట మీదే కాగింది."

ముందు కారు దగ్గర గొంతుక్కూర్చున్న ప్రతివి, క్లబ్బు ప్రెసిడెంటు భార్య, మెల్లగా లేచి వచ్చింది. చేతులకి బురద. కిటికీలోంచి ఆ పిడినీ, దాని వెంట వెనక్కి పోతున్న తీగనీ చూసింది.

"అక్కా, ఇది ఎక్కడ దొరుకుతుంది?"

రుమిని బట్టలు సర్దుకుంది. చెప్పులు కాళ్ళకే ఉంచుకుని, తలుపు తీసుకుని, ఉత్త చేతులతో దిగింది.

"సోలో బస్సు ఆరింటికి," అంది. "ఎనిమిది మందీ రండి."